పడవ షాఫ్టు వంకర పోయిందని ఎలా తెలుస్తుంది?

మరపడవ ఇంజను శక్తిని నీటిలోని ప్రొపెల్లరుకు అందించే పొడవాటి లోహపు కడ్డీయే షాఫ్టు. ప్రొపెల్లరు ఏ దుంగకో, రాయికో బలంగా తగిలితే షాఫ్టు వంగిపోవచ్చు. ఆ వంపు వెంట్రుక మందమే కదా అని వదిలేయకూడదు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే షాఫ్టు సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ వంపు బేరింగును ఒత్తుతూనే ఉంటుంది. దాంతో పడవ అదురుతుంది, బేరింగు త్వరగా అరుగుతుంది. బేరింగు మారిస్తే సరిపోదా? సరిపోదు. కారణం షాఫ్టులోనే ఉంటే కొత్తదీ అలాగే అరుగుతుంది.

ఇంత చిన్న వంపు కంటికి ఆనదు. అందుకే షాఫ్టును విప్పి, ‘వి’ ఆకారపు గాడి ఉన్న రెండు దిమ్మెల మీద ఉంచుతారు. చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే డయల్ గేజి మొనను షాఫ్టుకు ఆనించి, దాన్ని చేత్తో మెల్లగా తిప్పుతారు. ముల్లు మొత్తం 0.20 మిల్లీమీటర్లు కదిలితే, అక్కడ షాఫ్టు నడిగీత నుంచి తప్పుకున్నది అందులో సగం, 0.10. ఎందుకంటే వంపు ఒకసారి పైకి వస్తే, అరచుట్టు తర్వాత అంతే కిందికి పోతుంది. పొడవాటి కడ్డీ సొంత బరువుకే కుంగదా అని అడగవచ్చు. కుంగుతుంది. కానీ ఆ కుంగు ఎప్పుడూ నేలవైపే ఉంటుంది కాబట్టి, తిప్పినా ముల్లు కదలదు. మరి అరిగి అండాకారం వచ్చినా ముల్లు ఊగుతుంది కదా? ఊగుతుంది, అయితే చుట్టుకు రెండుసార్లు. వంపైతే ఒక్కసారే. అందుకే షాఫ్టు పొడవునా చాలాచోట్ల కొలిచి, ముల్లు ఎంత కదిలిందన్నదే కాక, ఎలా కదిలిందో కూడా చూడాలి.