‘స్ట్రిక్టు చేసిండ్రు’ – ఒక ఇంగ్లీషు మాట వాడుక

వస్తువుతోబాటు దాని పేరును అరువు తెచ్చుకోవడంలో పెద్ద చిక్కు లేదు. టబ్బు వచ్చింది, టబ్బు అన్నాం. క్యాప్‌ల్యాంపు వచ్చింది, దాన్ని అట్లాగే పిలిచాం. గోలేటి కాలనీలో ఏ టీకొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడ్డా ఇటువంటి మాటలు కనీసం రెండు డజన్లు చెవిన పడతాయి: షిఫ్టు, మస్టరు, ఇంక్లైను, క్వార్టరు, చార్జిషీటు. వాటికి తెలుగు మాట ఏదని అడిగితే మన బొగ్గుబాయి కార్మికుడు నవ్వుతాడు. ‘ఇవి తెలుగు గాకపోతే మరేంది?’ అంటాడు. న్యాయమే గదా!

చిక్కల్లా గుణాన్ని తెలిపే మాటలను అరువు తెచ్చుకున్నప్పుడు వస్తుంది. వస్తువుకు హద్దు ఉంటుంది, గుణానికి ఉండదు. ‘స్ట్రిక్టు’ అటువంటి మాట. మన కాలేజీ విద్యార్థికి పరీక్షల నెలలో అన్నం నీళ్లంత అవసరమైన మాట కూడా.

ముందుగా మన వాడుక చూద్దాం. ‘ఏం మామా, ఇయ్యాల గేటుకాడ మస్తు స్ట్రిక్టు చేస్తున్నరంట గద!’ ‘అవ్ బావా, జేబులు తడిమి చూస్తున్నరు. బీడికట్ట దొరికితే ఇంటికే.’ మరొకటి: ‘నాగాల విషయంల శానా స్ట్రిక్టయింది.’ ఇంకొకటి, మన ప్రాంగణంలోనిదే: ‘ఆ సెంటరు వద్దురా, స్ట్రిక్టు సెంటరు.’

ఇంగ్లీషులో ఈ మాట విశేషణం. అనగా ఏదో ఒక నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. మన నోట పడగానే అది ‘చేయు’, ‘అగు’, ‘పెట్టు’ అనే క్రియలతో చేరి ఒక పని అయిపోయింది. స్ట్రిక్టు చేసిండ్రు, స్ట్రిక్టయింది, స్ట్రిక్టు పెట్టిండ్రు. దీన్ని నేను తప్పనడం లేదు. పరాయి మాటను మన వ్యాకరణంలోకి లాక్కోవడం భాషకున్న ఆరోగ్యం. కాని ఈ వాక్యాల్లో ఒక విచిత్రం గమనించండి. ‘స్ట్రిక్టు చేసిండ్రు’ అన్నప్పుడు ఎవరు చేశారు? చెప్పం. దేన్ని చేశారు? అదీ చెప్పం. ఎక్కడన్నది మాత్రం చెబుతాం, గేటుకాడ. ఎండ ముదిరిందనో ముసురు పట్టిందనో చెప్పినట్టు చెబుతాం. ‘నాలుగు రోజులైతే మళ్ల లూజైతది’ అని వెంటనే ఒక ఊరట కూడా చేరుస్తాం.

ఈ ‘లూజు’ దగ్గర కాస్త ఆగాలి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం స్ట్రిక్టుకు వ్యతిరేకపదం లీనియెంట్ అనో లాక్స్ అనో చెబుతుంది. మన కార్మికుడు వాటిని వదిలేసి లూజును ఏరుకున్నాడు. స్ట్రిక్టుకు మారుగా ఒక్కోసారి ‘టైటు చేసిండ్రు’ అని కూడా అంటాడు. అంటే ఈ మాటలో ఉన్నది బిగింపు అని ఆయన పసిగట్టాడు. ఆ పసిగట్టడం అక్షరాలా సరైనది. లాటిన్‌లో స్ట్రింగెరె అనే క్రియకు అర్థం బిగించి కట్టడం. దాని నుంచి ఏర్పడిన విశేషణం స్ట్రిక్టుస్, అంటే బిగించినది. అదే ఇంగ్లీషులో స్ట్రిక్ట్ అయింది. వార్తాపత్రికల్లో కనిపించే స్ట్రింజెంట్ దీనికి తోబుట్టువు. రిస్ట్రిక్ట్, కన్‌స్ట్రిక్ట్ కూడా ఈ ఇంటివే. మైనింగ్ విద్యార్థులు పైకప్పు బరువు గురించి చదివేటప్పుడు వచ్చే స్ట్రెస్ అనే మాటకూ మూలం ఇదే.

అంతకన్నా తమాషా అయినది డిస్ట్రిక్ట్. మధ్యయుగపు లాటిన్‌లో దానికి అర్థం, ఒక అధికారి పట్టి బిగించగలిగినంత మేర. ఆయన బిగింపు ఎక్కడి దాకా చెల్లుతుందో అక్కడి దాకా ఆయన డిస్ట్రిక్టు. మనకు అది జిల్లా. గోలేటి ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. కాని భూగర్భ గనిలో ఈ మాట ఇంకా పాత అర్థంలోనే బతికి ఉంది. ఒక మైనింగ్ సర్దార్ తనిఖీ చేయవలసిన పనిస్థలాల మేరను గనిలో డిస్ట్రిక్టు అనే అంటారు. అక్కడి పైకప్పు, గాలి, అక్కడి మనుషులు ఆ షిఫ్టులో ఆయన పూచీ. కలెక్టరు గారి డిస్ట్రిక్టు కన్నా సర్దార్ డిస్ట్రిక్టే మాటకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఈ ఊహ లాటిన్ వాళ్ల సొంత ఆస్తి కాదు. తెలుగులో కట్టుదిట్టం అంటాం, కట్టుబాటు అంటాం. రెండింటిలోనూ ఉన్నది కట్టే. నిజాం పాలనలో ఉర్దూ ద్వారా మనకు చేరిన పారశీక పదం బందోబస్తు. దాన్ని విడదీస్తే బంద్, బస్త్. అవి కూడా కట్టడం, బిగించడమే. మూడు భాషల వాళ్లు, ఒకరినొకరు అడక్కుండానే, శాసనం అనగానే తాడు గుర్తు తెచ్చుకున్నారు.

సరే, ఇక వాక్యాల్లోకి వద్దాం. విద్యార్థి మిత్రులు ఉత్తరాల్లో, దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో తడబడేది ఇక్కడనే.

స్ట్రిక్ట్ మనిషికీ చెల్లుతుంది, నియమానికీ చెల్లుతుంది. ఐతే వెంట వచ్చే చిన్న మాట మారుతుంది. మనుషుల పట్ల అయితే ‘విత్’, విషయం పట్ల అయితే ‘అబౌట్’. ‘హీ ఈజ్ స్ట్రిక్ట్ విత్ ద బాయ్స్, బట్ నాట్ అబౌట్ టైమ్’ అంటే కుర్రాళ్ల మీద కచ్చితంగా ఉంటాడు గాని వేళ గురించి పట్టించుకోడని. మనం తెలుగులో ‘మాకు స్ట్రిక్టు’ అంటాం గనుక ‘స్ట్రిక్ట్ టు అజ్’ అని వ్రాసేస్తాం. అది చెల్లదు.

స్ట్రింజెంట్ మనుషులకు అతకదు. నిబంధన స్ట్రింజెంట్, షరతు స్ట్రింజెంట్, పరీక్ష స్ట్రింజెంట్. ‘మా ప్రిన్సిపాల్ స్ట్రింజెంట్’ అంటే వినేవాడు కాసేపు ఆలోచనలో పడతాడు. తెలుగులో పరీక్షించి చూడండి: నిక్కచ్చి మనిషి అనవచ్చు, కట్టుదిట్టమైన ప్రిన్సిపాల్ అంటే చెవికి ఆనదు. ‘స్ట్రింజెంట్ యాక్షన్ విల్ బీ టేకెన్’ అని మన ఆఫీసు కాగితాల్లో తరచుగా కనిపించే వాక్యం మన దేశపు ఇంగ్లీషులో బాగా పాతుకుపోయింది. దాన్ని పీకివేయాలనే పట్టుదల నాకు లేదు.

అసలు కష్టం ఎన్‌ఫోర్స్ దగ్గర. ‘ద మేనేజర్ ఎన్‌ఫోర్స్‌డ్ ద వర్కర్స్ టు వేర్ హెల్మెట్స్’ అని వ్రాసిన జవాబు పత్రాలు ప్రతి లెక్చరరూ చూసే ఉంటారు. ఇది తప్పు. ఎన్‌ఫోర్స్‌కు కర్మ నియమమే, మనిషి కాడు. ‘ఎన్‌ఫోర్స్‌డ్ ద హెల్మెట్ రూల్’ అనాలి. మనిషిని పెట్టదలిస్తే ఫోర్స్‌డ్ అనో మేడ్ అనో వ్రాయాలి. సులువైన పరీక్ష ఒకటుంది. ‘అమలు’ అని తెలుగు చేసి చూడండి. నియమాన్ని అమలు చేశారు అంటే కుదురుతుంది. కార్మికులను అమలు చేశారంటే నవ్వొస్తుంది. ‘బలవంతపెట్టారు’ అంటేనే వాక్యం నిలబడితే అక్కడ కావలసింది ఎన్‌ఫోర్స్ కాదు. అమలు కూడా అరబ్బీ నుంచి వచ్చిన అరువు మాటే. కాని ఈ విషయంలో మన మాస్టరు అదే.

ఎన్‌ఫోర్స్‌మెంట్ సంగతి వేరు. ఇంగ్లీషులో అది ఒక పని పేరు, దానికి బహువచనం వాడరు. మనకేమో అది మనుషుల పేరయింది: ‘ఎన్‌ఫోర్స్‌మెంటోళ్లు వచ్చిండ్రు.’

స్ట్రిక్ట్‌కు రెండో ముఖం ఉంది, దాన్ని మనం పూర్తిగా మరచిపోయాం. అది ‘సరిగ్గా అంతే’ అనే అర్థం. స్ట్రిక్ట్‌లీ స్పీకింగ్ అంటే కఠినంగా మాట్లాడటం కాదు, ఉన్నదున్నట్టు కచ్చితంగా చెప్పాలంటే అని. గనిలో ఈ రెండో అర్థానికే విలువ ఎక్కువ. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు (2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి) మండే వాయువుకు హద్దు గీశాయి. ఒక డిస్ట్రిక్టు నుంచి బయటికి పోయే గాలిలో నూటికి 0.75 పాలు మించరాదు, గనిలో ఏ చోటా 1.25 మించరాదు. ఇందులో కోపతాపాలు లేవు, కేకలు లేవు. కొలిచి చూడటం ఉంది. అట్లాగే నీళ్లు నిండే అవకాశమున్న పాత వర్కింగ్‌లకు 60 మీటర్ల లోపు కొత్తగా తవ్వాలంటే ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి కావాలన్నారు. 60 అంటే 60. మెత్తని స్వభావం గల ఓవర్‌మేన్ కూడా ఈ అర్థంలో స్ట్రిక్టుగా ఉండగలడు. అరిచే మనిషి ఉండలేకపోవచ్చు.

ఇక బోర్డుల భాష. ‘సేఫ్టీ రూల్స్ ఆర్ స్ట్రిక్ట్‌లీ ఎన్‌ఫోర్స్‌డ్ హియర్.’ వ్యాకరణం ప్రకారం దోషం లేదు. కర్మణి ప్రయోగం, కర్తను దాచిపెట్టడం దానికున్న సౌకర్యం. ఎవరు అమలు చేస్తారో ఎవరి మీద చేస్తారో బోర్డు చెప్పదు. బోర్డు కింద నిలబడి జేబులు చూపించే మనిషి మాత్రం అది తన గురించే అనుకుంటాడు. 1952 నాటి గనుల చట్టంలో వాక్యాలు అట్లా ఉండేవి కావు. అందులోని 18వ సెక్షన్ గని యజమానినీ, ఏజెంటునూ పేరుపెట్టి నిలబెట్టింది. చట్టాన్నీ నిబంధనలనూ పాటించడానికి కావలసిన డబ్బు ఏర్పాటూ ఇతర ఏర్పాట్లూ చేయవలసిన బాధ్యత వారిద్దరిలో ప్రతి ఒక్కరిదీ అన్నది. (ఆ చట్టంతో సహా 13 చట్టాలను కలిపి ఒకే కోడ్‌గా 2020లో పార్లమెంటు ఆమోదించింది.)

అక్కడ వాడిన మాట ఎన్‌ఫోర్స్‌మెంట్ కాదు, కంప్లయన్స్. ఎన్‌ఫోర్స్ చేసేవాడు పైన నిలబడతాడు. కంప్లై అయ్యేవాడు కింద. చట్టం దృష్టిలో గని యాజమాన్యం కూడా కింద నిలబడి పాటించవలసిన వాళ్లలోనే ఉంది. అదే చట్టంలోని 22వ సెక్షన్ ఇన్‌స్పెక్టరుకు ప్రమాదమున్న చోట పని ఆపించే అధికారం ఇచ్చింది. కాని నేను విన్నంత మట్టుకు, ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక డిస్ట్రిక్టులో పని ఆపిస్తే ‘స్ట్రిక్టు చేసిండ్రు’ అని ఎవరూ అనరు. ‘బందు పెట్టిండ్రు’ అంటారు. బీడికట్ట దగ్గర స్ట్రిక్టు, నాగా దగ్గర స్ట్రిక్టు, క్యాంటీన్ టోకెన్ దగ్గర స్ట్రిక్టు. మన నోట ఈ మాట పై నుంచి కిందికే ప్రవహిస్తున్నది. ఇది భాషలో వచ్చిన లోపమా, అనుభవం నేర్పిన పాఠమా అన్నది చదువరులే ఆలోచించాలి.

1975 డిసెంబరు 27న చస్నాలా గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీటికే 17 మంది బలయ్యారు. ఇటువంటి ఘటన జరిగిన మర్నాటి నుంచి పత్రికలో ఒక భాష మొదలవుతుంది. స్ట్రింజెంట్ మెజర్స్, కఠిన చర్యలు, ఉక్కుపాదం, కొరడా ఝళిపించిన అధికారులు. ఈ కొరడా ఇంగ్లీషులోని క్రాక్‌డౌన్‌కు మన విలేఖరులు పెట్టుకున్న చక్కని పేరు. కాని కొరడాకు ఒక స్వభావం ఉంది, అది ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. 60 మీటర్ల లెక్క మూడు షిఫ్టులూ ఉండాలి. క్రాక్‌డౌన్ ఒక సంఘటన, ఎన్‌ఫోర్స్‌మెంట్ ఒక అలవాటు. వ్యాసాలు వ్రాసే విద్యార్థులు ఈ రెండింటినీ ఒకదానికి ఒకటి మారుగా వాడటం మంచిది కాదు.

చివరగా ఒక పదబంధం: వర్క్ టు రూల్. సమ్మెకు దిగకుండానే యాజమాన్యం మీద ఒత్తిడి తెచ్చే పద్ధతికి ఇంగ్లీషు కార్మికోద్యమం పెట్టిన పేరు ఇది. చేయవలసిందల్లా నియమాలను అక్షరం పొల్లుపోకుండా పాటించడం. ప్రతి కప్పూ తట్టి చూస్తారు, ప్రతి కప్లింగూ సరిచూస్తారు, పుస్తకంలో వ్రాసినంత సేపూ ఆగుతారు. సాయంత్రానికి ఉత్పత్తి పడిపోతుంది. ఎవరి మీదా చార్జిషీటు వ్రాయడానికి వీలుండదు, ఎందుకంటే ఎవరూ ఏ నియమమూ తప్పలేదు!

స్ట్రిక్టుగా పనిచేయడమే నిరసన అయితే, మిగతా రోజుల పనికి పేరేమిటని ఓ కుర్రాడు క్లాసులో లేచి అడిగితే జవాబు చెప్పడం ఏ లెక్చరరుకైనా కష్టమే. తెలుగు చేయడం ఇంకా కష్టం. ‘నిబంధనల మేరకు పని’ అంటే అందులో నిరసన వినపడదు, మంచి ఉద్యోగికి ఇచ్చిన సర్టిఫికెట్టులా ఉంటుంది. అందుకనే కాబోలు, మనవాళ్లు దాని జోలికి పోకుండా ‘వర్క్ టు రూల్’ అనే అంటున్నారు.