మరబోటు నడుపుటకును చదువు కావలెనా?

మోటారుకారు నడుపవలెనన్నచో లైసెన్సు కావలెనని అందరమును ఒప్పుకొందుము. సరదాకు నీటిమీద మరబోటు నడుపువానికి మాత్రము ఏ చదువును అక్కరలేదని లోకము చాలకాలము తలచినది. నీరు విశాలమైనది, ఇంజను తిరిగిన చాలునను ధీమాయే అందులకు కారణము. ఆ ధీమా ఎంత అపాయకరమో అమెరికా లెక్కలు తెలుపుచున్నవి.

2023లో ఆ దేశపు తీరరక్షక దళము 3,844 విహారనౌకా ప్రమాదములను నమోదు చేసినది. వానిలో 564 మంది మరణించిరి. మరణకారణము తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగి పోయినవారే. అట్లు మునిగినవారిలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ ధరింపలేదు. నడుపువాని శిక్షణ సంగతి తెలిసిన మరణములలో నూటికి 75, శిక్షణ లేనివారు నడిపిన నౌకలమీదనే సంభవించినవి. శిక్షణ లేనివారి సంఖ్యయే అధికమై యుండవచ్చును గనుక ఈ అంకె ఒక్కటే నిరూపణము కాజాలదు. కాని ఆలోచింపజేయుటకు చాలును.

కారు నడుపుట వచ్చినవానికి బోటు నడుపుట రాదా? రాదు. బోటునకు బ్రేకు లేదు. ఇంజను ఆపినను కొంతదూరము సాగిపోవును. చుక్కాని త్రిప్పినప్పుడు ముందుభాగము ఒకవైపునకు మరలగా వెనుకభాగము రెండవవైపునకు కొట్టుకొనును. జెట్‌స్కీ అను చిన్న వాహనము మరియు విచిత్రమైనది. వెనుకకు చిమ్ము నీటిధారయే దానిని త్రిప్పును. ఎదుట ఏదో కనబడగానే క్రొత్తవాడు భయపడి వేగపు మీట వదలి హ్యాండిల్ త్రిప్పును. మీట వదలగానే నీటిధార తగ్గును. వాహనము తిరుగక నేరుగా పోయి ఢీకొనును. ప్రాణరక్షణకై సహజముగా తోచు పనియే ప్రాణము తీయును. ఈ సంగతి ముందుగా ఎవరైన చెప్పవలసినదే కాని, ఆ క్షణమున తెలిసికొనునది కాదు.

నీటిమీద గీతలు లేకున్నను నియమములు కలవు. రెండు మరబోట్లు ఎదురెదురుగా వచ్చినచో రెండును కుడివైపునకు తప్పుకొనవలెను. దారులు అడ్డముగా కలిసినచో కుడిప్రక్కనుండి వచ్చు బోటునకు దారి ఈయవలెను. రాత్రివేళ ఎడమ ప్రక్క ఎరుపు, కుడి ప్రక్క ఆకుపచ్చ దీపము వెలుగవలెను. మద్యము త్రాగి నడుపరాదు. శిక్షణలో బోధించునవి ఇట్టివే.

కెనడా 1999లో ఈ విధానము ప్రారంభించి, 2009 సెప్టెంబరు 15 నాటికి విహారమునకు మరబోటు నడుపు ప్రతివారికిని యోగ్యతా నిదర్శనము తప్పనిసరి చేసినది. న్యూయార్కు రాష్ట్రములో 2005లో పదకొండేండ్ల బాలిక ఒకతె బోటు ప్రమాదమున మరణించినది. ఆమె పేరిట 2019లో శాసనము వెలసినది. మొదట చిన్నవారికి, పిమ్మట క్రమముగా పెద్దవారికి వర్తింపజేసి, 2025 జనవరి 1 నుండి వయోభేదము లేక మరబోటు నడుపువారందరికిని దానిని విధించిరి. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న గాని, ఆ తరువాత గాని జన్మించినవారు పది అశ్వశక్తులు, అంతకు మించిన బోటు నడుపుటకు శిక్షణపత్రము చూపవలెను. యాత్రికులకై తొంబది దినములు చెల్లు తాత్కాలిక పత్రము కలదు.

నలువదేండ్లు నీటిమీద గడిపిన మాకు పరీక్షయా యని వృద్ధులు కినియుట సహజమే. కాగితపు పరీక్ష చేతికి నేర్పు నీయదనుటయు నిజమే. అయినను చేయరాని దేదో అది తెలుపును. అనుభవము ఆ పాఠమునే నేర్పును గాని, దానికి పుచ్చుకొను మూల్యము ఒక్కొక్కప్పుడు ప్రాణమే.

2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ఘోరమును మనము మరువలేదు. అది యాత్రికుల బోటు. ఇచట చెప్పినవి స్వయముగా నడుపుకొను బోట్లు. కాని నీటి స్వభావము ఎక్కడనైనను ఒక్కటే. మన బిడ్డలెందరో నేడు అమెరికాలో చదువుచు, సెలవులలో సరస్సులపై బోట్లు అద్దెకు తీసికొనుచున్నారు. ఈమారు వారితో మాట్లాడునప్పుడు రెండు ప్రశ్నలు అడుగుడు: నడుపుట నేర్చితివా? లైఫ్ జాకెట్ ధరించితివా?