అతుకు కనబడని చిత్రము

నరసాపురము లేసు అల్లికకు పేరొందిన పట్టణము. అచ్చటి స్త్రీలు చిన్న చిన్న పువ్వులను వేరువేరుగా అల్లి, పిదప వానిని అంచునకు అంచు చేర్చి పెద్ద బల్లగుడ్డగా కూర్తురు. ఛాయాచిత్రములను గూడ ఇట్లే కూర్చి పెద్ద పటము చేయవచ్చును. కాని ఇందొక భేదము కలదు. లేసు పువ్వుల అంచులు తాకిన చాలును. చిత్రములో, ఒకదానిపై నొకటి కొంతమేర పడవలెను.

ఆ పట్టణపు రేవున నిలిచి వసిష్ఠ గోదావరిని చూచినచో, ఎదుట సఖినేటిపల్లి వైపు ఒడ్డు బారుగా కనబడును. కెమెరాకు అంత వెడల్పు ఒక్కసారిగా అందదు. ఒక చిత్రమున 60 డిగ్రీల మేర పట్టునని అనుకొన్నచో, 180 డిగ్రీల దృశ్యమునకు మూడు చిత్రములు చాలునని తోచును. కాని ప్రతి చిత్రమును ముందటి చిత్రములోని మూడవ వంతును, అనగా 20 డిగ్రీలను, మరల చూపవలెను. అప్పుడు మొదటిది 60 డిగ్రీలను, తరువాతివి ఒక్కొక్కటి 40 డిగ్రీలను మాత్రమే చేర్చును. కావున నాలుగు చిత్రములు కావలెను. రెండింట నున్న ఆ ఉమ్మడి భాగమే అతుకునకు సాక్షి.

చిత్రములు తీయునపుడు కెమెరాను ప్రక్కకు జరుపరాదు. తిరుగలి పైరాయి మేకు చుట్టు తిరిగినట్లు, దాని కటకము ఉన్నచోటనే ఉండి తిరుగవలెను. ముఖము ముందు వ్రేలు నిలిపి, ఒక కంటితోను పిదప రెండవ కంటితోను చూచినచో, ఆ వ్రేలు వెనుకనున్న గోడపై జరిగినట్లు కనబడును. కెమెరా జరిగినను ఇదే చిక్కు. రేవులోని పడవ కొయ్యయు, ఆవలి ఒడ్డున నున్న చెట్టును ఒక చిత్రమున కలిసియుండి, మరియొకదాన విడిపోవును.

చదునైన గోడ విషయము వేరు. అచ్చట దగ్గర దూరముల భేదము స్వల్పము. నరసాపురము మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1858లో, ఆ ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అడుగుభాగమున గల శాసనములను చిత్రించెను. కెమెరాను విమానము చుట్టు జరుపుచు తీసిన 21 చిత్రములను అతికి, సుమారు 19 అడుగుల పటము చేసెను.

నేడు ఈ కూర్పును కంప్యూటరు చేయుచున్నది. 2003లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో అనువారు ఇందులకొక విధానమును ప్రకటించిరి. కంప్యూటరు ప్రతి చిత్రమున విలక్షణమైన బిందువులను వెదకి, రెండింట సరిపోలినవానిని జతపరచును. తక్కిన వానితో పొసగని జతలను త్రోసివేయును. పిదప వెలుగులోని భేదములను సవరించి అంచులను కలుపును.

గోదావరి యొద్ద ఈ యంత్రము గూడ మోసపోవచ్చును. అల నిలువదు; కనుక నీరు గురుతు కాజాలదు. కొబ్బరిచెట్లు ఒకదానిని పోలి ఒకటి యుండును. ఒక చెట్టును మరియొకటిగా భ్రమించినచో కొంత ఒడ్డు పటమునుండి మాయమగును. చిత్రమునకును చిత్రమునకును నడుమ పంటు కదలినచో, అది రెండుచోట్ల కనబడును, లేదా సగమై నిలుచును. కావున గుడి గోపురము, మేడ వంటి కదలని గురుతు ఉమ్మడి భాగమున నుండునట్లు చూడవలెను. అతుకు పంటు మీదుగా పోకుండ జాగ్రత్తపడవలెను.

వరద తీసిన పిదప ఒడ్డు ఎంత కోసుకొనిపోయినదో పాత పటముతో పోల్చి చూచువారికి ఇది వినోదము కాదు. అతుకులో పోయిన చెట్లను ఏటిలో పోయినవిగా వారు లెక్కింపవచ్చును. అందువలన పటము కూర్చినవారు విడి చిత్రములను గూడ భద్రపరుపవలెను.