రెప్పపాటులో రాజుకునే మంట!

కశింకోట చెరకు తోటల పక్కన బెల్లం పొయ్యి రాజేయడం చూశారా? ఎండిన పిప్పి ఎగదోసి, గాలివాటం చూసుకుని నిప్పు పెడతారు. విసురుగాలి వచ్చిందా, మళ్లీ మొదలు! అదే మంటను తుపానును మించిన గాలిలో, మూసిన గదిలో, రెప్పపాటులో వెలిగించాలంటే? గ్యాస్ టర్బైన్‌కు ఇది రోజువారీ పని. ఆ క్షణాన్ని ముందే కంప్యూటర్‌లో వెలిగించి చూసేవారి లోకం నిండా రికార్డులే.

అందరికంటే తాత: స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ టర్బైన్. ఊరికి కరెంటు ఇవ్వడానికి 1939లో తిరిగిన తొలి గ్యాస్ టర్బైన్ ఇదే. పుట్టించింది 15.4 మెగావాట్లు. గాలిని కుదించే తన కంప్రెసర్‌కే 11.4 పోయాయి. మిగిలింది 4!

భీముడు: సీమెన్స్ 9000 హెచ్‌ఎల్. ఒక్క యంత్రం, 593 మెగావాట్లు. మన పరవాడ సింహాద్రిలో ఒక్కో బొగ్గు యూనిట్ 500. గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలో తొలి టర్బైన్లు ఒక్కోటి 33. అలాంటివి 18 కలిస్తేగాని ఈ భీముడికి సరితూగవు.

బుల్లి: అమెరికాలో ఎంఐటీ శాస్త్రవేత్తలు సిలికాన్‌తో రూపొందించిన గుండీ టర్బైన్. కంప్రెసర్ చక్రం 8 మిల్లీమీటర్లు, శనగ గింజంత! నిమిషానికి 12 లక్షల చుట్లు తిరిగేలా గీశారు.

మొండి ఇంధనం: బ్లాక్‌బర్డ్ విమానం తాగిన జేపీ-7. అగ్గిపుల్ల వేసినా అంటుకోదు. అందుకే గాలి తగలగానే భగ్గుమనే రసాయనాన్ని ఇంజనుకు 600 సీసీ చొప్పున మోసుకెళ్లేది. కనీసం 16 సార్లు వెలిగించేందుకు అదే దిక్కు.

ఊపిరి బిగబట్టించే వెలుగు: 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో అగ్నిపర్వతం బూడిదలో చిక్కింది. నాలుగు ఇంజన్లూ ఆరిపోయాయి. 37,000 అడుగుల నుంచి జారుతూ జారుతూ 13,000 అడుగుల చేరువకు వచ్చాక మళ్లీ వెలిగాయి. 80 అడుగుల తాటిచెట్లు 300 ఒకదానిపై ఒకటి నిలిపితే ఎంతో, అంత లోతుకు జారింది!

గళ్ల రికార్డు మాత్రం ఆగి చూడాల్సిందే. దహన గదిని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో వేడి, ఒత్తిడి, వాయువుల పాళ్లు లెక్కగడతారు. 2008లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 18 బర్నర్ల హెలికాప్టర్ ఇంజనును సుమారు 1.9 కోట్ల గళ్లలో వెలిగించారు. ఆ తర్వాత అదే దేశంలో 16 బర్నర్ల గుండ్రటి గదికి 31 కోట్ల గళ్లు పరిచారు. 2011 లెక్కల ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల జనాభాకు మూడున్నర రెట్ల పైమాటే! ఒక్కచోట రవ్వ పడింది. మంట రెండుగా చీలి, దీపావళి వరుస దివ్వెల్లా బర్నరు నుంచి బర్నరుకు పాకింది. ఆ రెండు కొసలూ అవతలి వైపు కలిశాయి. వేడెక్కిన వాయువు ఉబ్బి, వెనక నుంచి మంటను తోయడమే ఆ పరుగుకు బలం. ఈ చుట్టంతా సెకనులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ. గాజు గోడల అసలు గదిని కెమెరాతో తీసి పోల్చారు. లెక్కలోని మంట, అసలు మంట ఆకారాలు సరిపోలాయి! నాకు ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రియమైనది ఇదే.

లెక్కల రాక్షసి: అమెరికాలోని ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్. 2022లో సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కల గీత దాటిన తొలి యంత్రంగా కిరీటం దక్కించుకుంది. 800 కోట్ల మందిమీ సెకనుకో లెక్క చొప్పున తిండీ నిద్రా మానినా, దాని ఒక్క సెకను పనికి మనకు నాలుగేళ్లు. 2024లో ఎల్ కాపిటాన్ దాన్నీ దాటేసింది.

ఇక మన హైదరాబాద్ వంతు! ఇక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ చేసిన స్క్రామ్‌జెట్ ఇంజనులో తిరిగే చక్రమే లేదు. లోపల గాలి వేగం సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్లకు పైనే. ఆ వేగంతో కశింకోట నుంచి విశాఖకు అరనిమిషం చాలు. అంత గాలిలో మంట ఎలా నిలుస్తుందో కంప్యూటర్‌లోనూ తేల్చుకుని, నేల మీదా పరీక్షించారు. 2020 సెప్టెంబరు 7న ఆకాశంలో 20 సెకన్లకు పైగా వెలిగింది. 2025 జనవరిలో నేలమీద 120 సెకన్లు. అదే ఏడు ఏప్రిల్ 25న 1,000 సెకన్లు దాటింది. అంటే 16 నిమిషాలకు పైగా, ఆరకుండా!