నూటికి 21 పైసల వడ్డీ

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు. నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండు రూపాయలా అన్నదే లెక్క. ప్రామిసరీ నోటు రాసుకునే దగ్గర పావలా తేడా కోసం గంటసేపు బేరం నడుస్తుంది. అదే లెక్క బ్యాంకు పొదుపు ఖాతాకు వేసి చూడండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 2025 జూన్ 15 నుంచి పొదుపు ఖాతా వడ్డీని 2.5 శాతం చేసింది. అంటే నూటికి నెలకు 21 పైసలు కూడా నిండవు. లక్ష రూపాయలు మూడు నెలలపాటు ముట్టుకోకుండా ఉంచితే పాస్‌బుక్‌లో వడ్డీ కింద పడేది సుమారు 625 రూపాయలు. పావలా దగ్గర పట్టుబట్టే మనం, ఈ వడ్డీ ఎంతో కూడా అడగకుండా ఏళ్ల తరబడి లక్షలు అక్కడే వదిలేస్తున్నాం. పొదుపు ఖాతా ప్రతి ఇంటికీ ఉండాల్సిందే. కానీ అది డబ్బు వచ్చిపోయే చోటు. నిలవ ఉంచితే లాభం బ్యాంకుది, నష్టం మనది.

దీనికి రుజువు ఈ పదిహేనేళ్ల చరిత్రలోనే ఉంది. 2011 అక్టోబరు 25 దాకా ఈ వడ్డీని రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. ఆ రోజున దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేసింది. పోటీ పెరిగి ఖాతాదారుకు మేలు జరుగుతుందని ఆశించారు. ఎస్ బ్యాంక్, కోటక్ మహీంద్రా వంటివి ఆరు శాతం దాకా ఇచ్చాయి కూడా. పెద్ద బ్యాంకులు మాత్రం నాలుగు దగ్గరే ఆగాయి. స్టేట్ బ్యాంకు 2017 జులై ఆఖరున, కోటి లోపు నిల్వలకు, దాన్ని మూడున్నరకు దించింది. 2020 మే ఆఖరుకు అది 2.7కు దిగింది. అసలు గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు ఆ దెబ్బ వెంటనే తగిలింది. కొందరికి ఈఎంఐ పెరిగింది, మరికొందరికి కట్టాల్సిన ఏళ్లు పెరిగాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ కూడా పైకి వెళ్లింది. స్టేట్ బ్యాంకులో సాధారణ పొదుపు ఖాతా వడ్డీ మాత్రం 2.7 దగ్గరే ఉండిపోయింది. 2025లో రెపో తగ్గాక అదీ తగ్గింది. రేట్లు పెరిగినప్పుడు పెరగని వడ్డీ తగ్గినప్పుడు మాత్రం తగ్గిందంటే, ఖాతాదారు ఎటూ కదలడన్న ధీమా బ్యాంకుకు ఉందన్నమాట. ఆ ధీమా ఇచ్చింది మనమే.

నిబంధనలు మనకు అనుకూలంగా మారిన సందర్భమూ ఉంది, అది మరచిపోకూడదు. 2010 ఏప్రిల్ 1కి ముందు, నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ మొత్తానికే ఆ నెల వడ్డీ లెక్కకట్టేవారు. ఖాతాలో 50 వేలు ఉండి, 28వ తేదీన 45 వేలు తీస్తే, నెల మొత్తానికీ ఐదు వేల మీదే వడ్డీ. ఇప్పుడు ఏ రోజు నిల్వకు ఆ రోజు లెక్క. పోస్టాఫీసు పొదుపు ఖాతా 4 శాతం ఇస్తుంది గానీ, అక్కడ ఇంకా ఆ పాత లెక్కే నడుస్తోంది. కాబట్టి అక్కడ దాచుకున్నవాళ్లు వీలైతే ఒకటో తేదీ దాకా ఆగి తీసుకోవడం మంచిది.

ఆపద వేళ చేతికి డబ్బు అందాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అందాలి. అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటరు దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు పనికిరాదు. అందుకే రెండు మూడు నెలల ఇంటి ఖర్చు పొదుపు ఖాతాలోనే ఉండాలి. ఆపైన ఉన్నదాని సంగతే నేను మాట్లాడుతున్నది. దానికి ఆటో స్వీప్ అనే సదుపాయం చాలా బ్యాంకుల్లో ఉంది. మనం చెప్పిన పరిమితి దాటిన సొమ్ము దానంతట అదే డిపాజిట్‌లోకి వెళ్తుంది, అవసరమైతే కావలసినంత మేరకే వెనక్కి వస్తుంది. గడువుకు ముందే తీసిన భాగానికి వడ్డీ కొంత తగ్గవచ్చు, మిగతాది చెక్కుచెదరదు. తేడా ఏపాటిది అంటారా? రెండు లక్షలకు ఏడాదికి రెండున్నర శాతం చొప్పున ఐదు వేలు, ఆరు శాతం చొప్పున పన్నెండు వేలు. ఆ ఏడు వేలు నెల జీతం మీద బతికే ఇంటికి పిల్లల పుస్తకాలు, యూనిఫాం ఖర్చు. ఖాతాలో వెయ్యి రూపాయలు నిలవడమే గగనమైన కూలీ కుటుంబాలకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు ఖాతా ఇచ్చే మేలు వడ్డీ కాదు, భద్రత.

రెండో అభ్యంతరం మరీ మన ప్రాంతానిది. బయట రెండు రూపాయల వడ్డీ వస్తుంటే బ్యాంకు ముఖం ఎందుకు చూడాలని. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అంత ఇస్తానన్నవాడు తిరిగి కట్టలేని చోట అసలే పోతుంది. జనం దగ్గర డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్ సంస్థలో లక్షల కుటుంబాలు పోగొట్టుకున్నది వడ్డీ ఒక్కటే కాదు. బ్యాంకు డిపాజిట్‌కు, పొదుపు ఖాతా అయినా ఫిక్స్‌డ్ అయినా, ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్షే. హైదరాబాద్‌లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలిన రోజుల్లో లక్షకు పైన దాచుకున్నవాళ్ల గోడు ఎవరూ మరచిపోలేదు. ఈ రెండు కొసలకూ మధ్య ఉన్న దారి డ్వాక్రా సంఘాల మహిళలకు ఎప్పటినుంచో తెలుసు. సంఘం పొదుపును బ్యాంకు ఖాతాలో పడుండనివ్వకుండా సభ్యులకే అప్పుగా తిప్పడం వాళ్లు పాటించే పంచసూత్రాల్లో ఒకటి. ఎవరు కట్టగలరో, ఎవరు కట్టలేరో వాళ్లకు తెలుసు గనుక వాళ్లకది చెల్లుతుంది. మనకు ఆ పరిచయం లేదు కాబట్టి బీమా ఉన్న డిపాజిటే దిక్కు.

ఈ ఆదివారం పాస్‌బుక్ తీసి చివరిసారి పడిన వడ్డీ ఎంతో చూడండి. మర్నాడు బ్యాంకు తెరిచాక కౌంటరులో రెండు మాటలు అడగండి: నా ఖాతాకు ఆటో స్వీప్ ఉందా, లేకపోతే జీతం పడిన మర్నాడే కొంత సొమ్ము నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు మళ్లేలా ఆదేశం పెట్టవచ్చా?