బోర్డు తిప్పటం వేరు, కంపెనీ మూయటం వేరు

వ్యాపారం చెడినవాణ్ణి గురించి చెప్పటానికి మన భాషలో మాటలకు కరువు లేదు. ‘దివాలా తీశాడు’ అంటాం. ‘ఐ.పి. పెట్టాడు’ అంటాం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టుమాట తాలూకు రెండక్షరాలు రచ్చబండ దాకా నడిచివచ్చి తెలుగైపోయినై. రాత్రికి రాత్రి మాయమైతే ‘బోర్డు తిప్పేశాడు’. కాని, ఒక పెద్దమనిషి ఎవరికీ ఎగనామం పెట్టకుండా, బాకీలన్నీ తీర్చి, మర్యాదగా తన కంపెనీ మూసుకున్నాడనుకోండి. దానికొక మాట చెప్పమంటే, ఇన్నేళ్లుగా తెలుగు పాఠం చెబుతున్న నాకే చప్పున తోచదు. షట్టరు దించి తాళం వేస్తే కంపెనీ పోయినట్టేనని మన నమ్మకం.

పోదు. చిక్కంతా అక్కడే వున్నది. ఇద్దరు కలిసి భాగస్వామ్యంగా దుకాణం పెడితే, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోనంత వరకు, ఒక భాగస్వామి పోగానే ఆ భాగస్వామ్యమూ పోతుందని 1932 నాటి చట్టం. కంపెనీ సంగతి అది కాదు. అది రిజిస్టరైన క్షణం నుంచి తనంతట తానొక మనిషి. పెట్టినవాడు వేరు, కంపెనీ వేరు అని ఇంగ్లండులో ప్రభువుల సభ 1897 లో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి కేసులో తేల్చి చెప్పింది. పెట్టినవాడు కాలం చేసినా కంపెనీ బ్రతికే వుంటుంది. బ్రతికివున్నంత కాలం యేటేటా లెక్కలు చెప్పుకుంటూ వుండాలి.

మా పెద్దక్కయ్యకు యీ సంగతి బావగారు పోయిన తరువాత గాని తెలియలేదు. ఆయన నోటుపుస్తకాలు తయారుచేసే చిన్న ప్రైవేటు కంపెనీ నడిపేవారు. ప్రైవేటు కంపెనీకి కనీసం యిద్దరు డైరెక్టర్లు వుండాలి. మన యిళ్లలో ఆ రెండో డైరెక్టరు ఎవరో చెప్పనక్కర లేదు గదా! ‘ఇదిగో, యిక్కడొక సంతకం పెట్టు’ అని వంటింటి గుమ్మంలో కాగితం చాపితే, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టిన యిల్లాలే. ఆరోగ్యం చాలక బావగారు పని ఆపేశారు. యంత్రాలు అమ్మి, కాగితం వర్తకులకు పైసతో సహా యిచ్చేశారు. ఆ తరువాత కొన్నాళ్లకు ఆయనా వెళ్లిపోయారు. అప్పుడు ఆడిటరు గారు కబురు చేశారు: చివరి రెండేళ్ల లెక్కలూ రిజిస్ట్రారుకు దాఖలు కాలేదని.

“ఆయన ఎవరికీ బాకీ లేరు గదా తమ్ముడూ! మరి యీ జరిమానా ఎవరి బాకీ?” అన్నది అక్కయ్య.

న్యాయమైన ప్రశ్నే. సమాధానం మాత్రం కఠినంగా వున్నది. కంపెనీ యేటా దాఖలు చేయవలసిన ముఖ్యమైన పత్రాలు రెండు: జమాఖర్చుల పట్టీ ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి. 2018 జూలై నుంచి ఒక్కొక్క పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము నడుస్తుంది. రెంటికీ కలిపి ఒక సంవత్సరానికి 73,000 రూపాయలు! దీనికి గరిష్ఠ పరిమితి లేదు. 2020 లో ప్రకటించినటువంటి మాఫీ పథకాలు అప్పుడప్పుడు వస్తూ వుంటై గాని, వాటిని నమ్ముకుని కూర్చోవటం వర్షాన్ని నమ్ముకుని నారు పోయకపోవటం లాంటిది. వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్లపాటు అనర్హులవుతారు.

‘పోనీ, సర్కారు వారే కొట్టేస్తారుగా’ అనేవాళ్లున్నారు. కొట్టేస్తారు, నిజమే. 2017 లో 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు అలాగే కొట్టివేశారు. దానితోపాటే 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించారు. ఆ కంపెనీల బ్యాంకు ఖాతాలు కదలకుండా కట్టడి చేశారు. వాళ్లంతా దొంగలేనని నేననుకోను. తాళం వేసి మరిచిపోయినవాళ్లూ అందులో వుండే వుంటారు.

మర్యాదగా మూసే దారి 2013 కంపెనీల చట్టం 248 వ సెక్షనులో వున్నది. గత రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం లేని కంపెనీ తన పేరు కొట్టివేయమని తానే అర్జీ పెట్టుకోవచ్చు. వ్యాపారం ఆగిన సంవత్సరం వరకు లెక్కలు దాఖలైతే చాలు. అయితే రిజిస్ట్రారు తనంతట తాను కొట్టివేత మొదలుపెట్టాడా, ఆ తరువాతి యేళ్లవి కూడా అన్నీ దాఖలు చేయాలి. ముందుగా మేలుకున్నవాడికి యింత లాభం వున్నది.

అక్కయ్య తన పేర వున్న ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి రద్దు చేసి ఆలస్య రుసుము కట్టింది. డైరెక్టరు ఒక్కరే మిగిలారు గనక మా మేనల్లుణ్ణి రెండో డైరెక్టరుగా చేర్చారు. బావగారి వాటాలు వారసుల పేరిట మార్చారు. జి.ఎస్.టి. రిజిస్ట్రేషను రద్దు చేయించి, బ్యాంకు ఖాతా మూశారు. వాటాధనంలో నూటికి 75 వంతుల వారి సమ్మతి కావాలి; యింట్లోవాళ్లే గనక అది తేలిగ్గానే అయింది. 30 రోజులకు మించి పాతబడని లెక్కల పట్టీని చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. డైరెక్టర్లు ఒక్కొక్కరూ అఫిడవిట్టూ, ఇండెమ్నిటీ బాండూ యివ్వాలి.

ఆ బాండు దగ్గర అక్కయ్య ఆగిపోయింది. “ముందు దీన్ని తెలుగులో చెప్పు” అన్నది. రేపెవరైనా వచ్చి కంపెనీ తమకు బాకీ వున్నదని రుజువు చేస్తే అది మేమే చెల్లిస్తామని దాని తాత్పర్యం. ఆమె లోపలికి వెళ్లి బావగారి చేతిరాత చిట్టా తెచ్చి, కాగితం వర్తకుల పేర్లు ఒక్కొక్కటే రసీదులతో సరిచూసుకున్నది. మధ్యాహ్నమంతా పట్టింది. ఆ తరువాతే సంతకం పెట్టింది.

రుసుము 10,000 రూపాయలు. పూర్వం యీ అర్జీలు ఆయా ప్రాంతాల రిజిస్ట్రార్లే చూసేవారు. 2023 మే నెల నుంచి దేశం మొత్తానికీ హర్యానాలోని మానేసర్‌లో ఒకే కేంద్రం పెట్టారు. అర్జీ అందాక బహిరంగ ప్రకటన వేస్తారు. ఆక్షేపణలకు 30 రోజుల గడువు. అన్నీ సవ్యంగా వుంటే గెజెట్‌లో ప్రచురించి, కంపెనీ రద్దయిందంటారు.

స్థలాలూ, పెద్ద ఆస్తులూ వున్న కంపెనీకి యిది దారి కాదు. అప్పులు తీర్చగల స్తోమతు వుంటే 2016 దివాలా స్మృతి 59 వ సెక్షను కింద లిక్విడేటరును పెట్టుకుని, ఆస్తులమ్మి, బాకీలు తీర్చి, మిగిలింది వాటాదార్లకు పంచి, చివరికి ట్రిబ్యునల్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. మళ్లీ యెప్పుడైనా తెరవాలన్న ఆశ వున్నవాళ్లు, అర్హత వుంటే, ‘నిద్రాణ కంపెనీ’గా నమోదు చేయించుకోవచ్చు. నిద్రపోతున్నా యేటా ఒక రిటర్ను మాత్రం యివ్వాలండోయ్!

ఇంకొక్క మాట. పేరు కొట్టివేసినా డైరెక్టర్ల పాత బాధ్యతలు పోవు. గెజెట్ ప్రకటన వెలువడిన 20 సంవత్సరాల లోపల అప్పులవాడు గాని, వాటాదారు గాని, పనివాడు గాని ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ కంపెనీని తిరిగి బ్రతికించమని కోరవచ్చు. అంచేత గెజెట్ ప్రతి చేతికి వచ్చింది గదా అని పాత చిట్టాలూ, రసీదులూ కాగితాలవాడికి తూకానికి వేయకండి. వాటిని ఏ ట్రంకుపెట్టెలో పెట్టారో పిల్లలకు కూడా చెప్పి వుంచండి.