ఒకే ఏటి రెండు వెండి రూపాయలు: ఏది మేలైనదో తెలుసుకోవడం ఎలా?

బళ్లారి, హోసూరు, బరంపురం, సోలాపూర్, యానాం... ఎక్కడ స్థిరపడినా మన పాత కుటుంబాల్లో కొందరి దగ్గర తాతల నాటి వెండి రూపాయలు ఇంకా ఉన్నాయి. పంపకాల వేళ వీటిని ‘నీకు పది, నాకు పది’ అని లెక్కపెట్టి పంచుకుంటారు. తూకం ప్రకారం అది సరైన పంపకమే. వెల ప్రకారం చూస్తే కాకపోవచ్చు. ఒకే రాజు బొమ్మ, ఒకే సంవత్సరం ఉన్న రెండు రూపాయల్లో ఒకటి వెండి ధరకే పోతే, రెండోదానికి నాణేల సేకర్తలు అంతకు చాలా ఎక్కువ ఇవ్వవచ్చు. తళతళలాడేదే మంచిదనుకోవడం వల్ల మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. అందుకే సంఘం తరఫున ఈ వివరణ ఇస్తున్నాం.

ఉదాహరణకు ఐదో జార్జి బొమ్మ ఉన్న 1918 నాటి రూపాయలు రెండు తీసుకుందాం. ఒకటి తెల్లగా మెరుస్తోంది, రెండోది మసకగా, బూడిద రంగులో ఉంది.

ముందు రెండూ ఒకే రకమో కాదో చూడాలి

సంవత్సరం ఒకటే అయినా టంకశాల వేరు కావచ్చు. ‘వన్ రుపీ’ అని రాసి ఉన్న వైపు, అడుగున తామరపువ్వు కింద చిన్న ఉబ్బెత్తు చుక్క ఉంటే అది బొంబాయిలో ముద్రించినది. చుక్క లేకపోతే కలకత్తాది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రెండు చోట్లా కోట్ల కొద్దీ ముద్రించారు కాబట్టి 1918 రూపాయి అరుదైనది కాదు. అలాంటి నాణేనికి వెల రావాలంటే అది ఉన్న స్థితే ముఖ్యం.

అదే రాజు 1911 రూపాయి సంగతి వేరు. రాజు వస్త్రం మీది చిన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం ఆ నాణేల్లో ఎక్కువ భాగాన్ని కరిగించి, 1912 నుంచి బొమ్మను సరిచేసి ముద్రించింది. కాబట్టి బాగా అరిగిన 1911 రూపాయికీ అడిగేవాళ్లు ఉంటారు. 1911ని 1911తో, 1918ని 1918తోనే పోల్చాలి.

అరుగుదల

నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి. కింద మెత్తటి గుడ్డ పరచండి. గడియారాలు బాగుచేసేవారు వాడే భూతద్దం సరిపోతుంది. ముందు అరిగేవి ఎత్తుగా ఉన్న చోట్లు: రాజు చెవి, గడ్డం, కిరీటం మీది నగిషీ, వస్త్రం మీది ఏనుగు. గడ్డం వెంట్రుకలు, కిరీటంలోని రాళ్లు విడివిడిగా కనిపిస్తే అరుగుదల తక్కువ. గడ్డం ఒకే ముద్దలా ఉంటే నాణెం చాలా చేతులు మారిందని అర్థం.

ఒక చిక్కు ఉంది. ముద్ర సరిగా పడకపోయినా బొమ్మ మసకగానే ఉంటుంది. ముద్ర లోపమైతే ఆ చోట కూడా మిగతా నాణెం మీదున్న మెరుపే ఉంటుంది. అరుగుదలైతే ఎత్తైన చోట్లు నున్నబడి, మెరుపు చచ్చి, చుట్టుపక్కల కన్నా వేరే రంగులో కనిపిస్తాయి.

వ్యాపారులు ఈ స్థితిని ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని పిలుస్తారు. చివరి మాటకు అర్థం చెలామణిలో తిరగనిది అని. అంతర్జాతీయంగా 1 నుంచి 70 వరకు అంకెలు వేసే పద్ధతి కూడా ఉంది.

ఏది అసలు మెరుపు?

మోసపోయేది ఇక్కడే. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. టంకశాల మెరుపు పోని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. తోమిన నాణెం మీద వెలుగు అలా తిరగదు, అంతటా ఒకేలా చదునుగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు కనిపిస్తాయి.

చింతపండు, ముగ్గుపిండి, పళ్లపొడి, వెండి పాలిష్... దేనితో తోమినా నాణెం పైపొర కొంత పోతుంది. పోయిన పొర తిరిగి రాదు. వెండి గాలిలోని గంధకంతో కలిసి ఏళ్ల తరబడి బూడిద, గోధుమ, నీలి ఛాయలకు తిరగడం సహజం. సమంగా పట్టిన ఆ రంగును సేకర్తలు తప్పుగా చూడరు, చెయ్యి పడలేదనడానికి అదో గుర్తుగా భావిస్తారు. మన ఉదాహరణలో రెండింటి అరుగుదలా సమానమై, తెల్లగా ఉన్నది తోమినదైతే, మసకగా ఉన్నదే మేలు.

దెబ్బలు, నకిలీలు

దండలో కూర్చడానికి కొక్కెం అతికించిన గుర్తులు, అంచున అతుకు తీసేసిన మచ్చలు, పరీక్షకు వేసిన గాట్లు, రంధ్రాలు వెలను బాగా తగ్గిస్తాయి. అంచు చుట్టూ తిప్పి చూడకుండా ఏ నాణేన్నీ మంచిదనకండి.

తూకం తప్పనిసరి. 1835 నుంచి 1939 వరకు ముద్రించిన ప్రభుత్వ వెండి రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు. మన పెద్దలు ‘రూపాయి ఎత్తు’ అన్నది దీన్నే. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. అరిగినది కొద్దిగా తగ్గవచ్చు, బాగా తేడా ఉంటే అనుమానించాలి. అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు. అతుక్కోనంత మాత్రాన అసలుది అనీ కాదు. రాగి, సీసం కూడా అతుక్కోవు. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు కాబట్టి ఆ తర్వాతి వాటిని ఈ లెక్కలో కలపకండి.

పంచుకునే ముందు

నాణేలను తోమకుండా, ఉన్నవి ఉన్నట్టుగా రాజు, సంవత్సరం, టంకశాల, తూకం, స్థితి ఒక కాగితం మీద రాయండి. రెండు వైపులా ఫొటో తీయండి. ఆ పట్టిక అందరి ముందూ ఉంటే తర్వాత మాట పట్టింపులు రావు. ఒక్క దుకాణంలో అడిగి అమ్మేయకండి, కనీసం ఇద్దరిని అడగండి. పాత నాణేలు తాను కొననని, వాటికి కమీషన్లు తీసుకోనని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది. బ్యాంకు పేరు చెప్పి ముందు రుసుం కట్టమనేవారిని నమ్మవద్దు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. విదేశంలో ఉన్న పిల్లలకు వాటాగా పంపడం కుదరదు, వారి వాటా ఇక్కడే భద్రపరచాలి.

మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే పచ్చని జిగురు పడుతుంది, వాడవద్దు. ఒక్కో నాణేన్ని విడిగా, పొడిగా ఉంచండి. పూజలో పెట్టే రూపాయలను ఎప్పటిలా శుభ్రం చేసుకోండి, అవి అమ్ముకునేవి కావు. మిగిలినవాటి జోలికి మాత్రం చింతపండుతో వెళ్లకండి. సంఘానికి తెస్తే భూతద్దం, తూకం మా దగ్గర ఉన్నాయి. వెల కట్టం కానీ, ఏది తోమినదో, ఏది తోమనిదో మీతో కలిసి చూస్తాం.